పెరటిలో పెద్ద గుమ్మడి: తొలిసారి పెంచేవారికి

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత ఎరుగని తెలుగువారు ఉండరు. ఆ సామెతలోని కాయ బూడిద గుమ్మడి. దాని పైనుండే తెల్లని పొడి భుజానికి అంటుకుంటుంది గనుకనే దొంగ తడుముకున్నాడు. ఇక్కడ వివరించబోయేది ఆ కాయను గురించి కాదు. దప్పళంలోకి, పులుసులోకి, సంతర్పణల సాంబారులోకి ముక్కలు కోసి వేసే తీపి గుమ్మడిని గురించి. ఒకటి వడియాలకు, దిష్టికి పనికివచ్చేది. రెండవది ఇంటిల్లిపాదికీ కూరయ్యేది. పేరులో పోలిక ఉన్నా ఇవి రెండు వేర్వేరు జాతులు, ఒకదాని పుప్పొడి మరొకదానికి అంటదు.

ఈ భేదాన్ని మొదటనే చెప్పడానికి కారణం ఉంది. సరిహద్దు గ్రామాలలో విత్తనాలు కొనేవారికి తొలి పొరపాటు అంగడిలోనే జరుగుతుంది. కన్నడంలో కేవలం కుంబళకాయి అని అడిగితే ఏదైనా ఇవ్వవచ్చు. తీపి గుమ్మడిని సిహి కుంబళ అని, బూడిద గుమ్మడిని బూదు కుంబళ అని అడగాలి. తమిళంలో పూశణిక్కాయ్ అనే మాటకు ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క అర్థం. పరంగిక్కాయ్ అంటే మాత్రం తీపి గుమ్మడియే. ఒరియాలో కఖారు తీపిది, పాణికఖారు బూడిదది. మరాఠీలో లాల్ భోపళా అని రంగుతో సహా చెప్పకపోతే సొరవిత్తనం చేతికి రావచ్చు, ఎందుకంటే దూధీ భోపళా అన్నది సొరకాయ పేరు. బూడిద గుమ్మడిని వారు కోహళా అంటారు. మాటను నమ్ముకోవడం కన్నా పొట్లం మీది బొమ్మను చూసి కొనడం క్షేమం. తప్పు విత్తనం నాటిన సంగతి రెండు నెలలకు గాని బయటపడదు. అప్పటికి కార్తె దాటిపోతుంది.

ఎంత పెద్దది?

పెద్ద గుమ్మడి అనగానే కొందరికి పత్రికలలో వచ్చే విదేశీ చిత్రాలు గుర్తుకు వస్తాయి. 2023లో అమెరికాలో 1,246.9 కిలోల కాయ, 2025లో ఇంగ్లండులో 1,278.8 కిలోల కాయ తూగి ప్రపంచ రికార్డులయ్యాయి. అవి అట్లాంటిక్ జయంట్ అనే రకానికి చెందినవి. కెనడాలోని నోవాస్కోషియాకు చెందిన హోవర్డ్ డిల్ అనే రైతు దానిని రూపొందించాడు. వేసవి పగళ్ళు చాలా పొడవుగా, ఎండ మృదువుగా ఉండే చల్లని దేశాలకు అది తగినది. మన ఎండలకు దాని ఆకులు మధ్యాహ్నానికే వ్రేలాడిపోతాయి. పైగా దాని కండ నీరుగా, రుచి లేకుండా ఉంటుంది. తూకం కోసం తప్ప తినడం కోసం దానిని ఎవరూ పెంచరు. తెప్పించిన విత్తనానికి వందలు పోసి నిరాశపడడం కన్నా మన రకాలతోనే పది పన్నెండు కిలోల కాయను సాధించడం తొలిసారి పెంచేవారికి గౌరవప్రదమైన లక్ష్యం.

మన రకాలన్నీ పెద్దవి కావన్నది కూడా గ్రహించాలి. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన కో-1 రకం కాయలు సామాన్యంగా 7 నుండి 8 కిలోలు తూగుతాయి, పంటకాలం సుమారు 175 రోజులు. అదే సంస్థవారి కో-2 కాయ 2 కిలోలు మించదు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క చందన్ 2 నుండి 3 కిలోలది. అర్క సూర్యముఖి కిలో మాత్రమే తూగే చిన్న కాయ. ఈ చిన్నవి మంచి రకాలే, చిన్న కుటుంబానికి ఎంతో అనుకూలమైనవి. కానీ వాటికి ఎంత ఎరువు వేసినా పెద్ద కాయలు కావు. కాయ ఎంతవరకు పెరగగలదన్నది విత్తనంలోనే నిర్ణయమై ఉంటుంది. ఆ హద్దు వరకు చేర్చడమే పెంచేవారి పని.

ఊరిలో ఎవరి అటక మీదనైనా పాతకాలపు పెద్ద కాయ ఉంటే, అందులోని నాలుగు గింజలు అడిగి తెచ్చుకోవడం అన్నిటికన్నా మేలు. ఆ నేలకు, ఆ గాలికి తరతరాలుగా అలవాటుపడిన విత్తనం అది. అటువంటి కాయలు ఏటేటా తగ్గిపోతున్నాయి. ఒక ఏడు విత్తనం కట్టకపోతే చాలు, ఆ ఇంటి రకం అంతటితో ముగిసిపోతుంది.

పాదు సిద్ధం చేయడం

పెంట దిబ్బ మీద తనంతట తానే మొలిచిన గుమ్మడి, శ్రద్ధగా నాటిన గుమ్మడి కన్నా పెద్ద కాయ కాయడం పల్లెలో అందరూ చూసినదే. అందులోని రహస్యం రెండే మాటలు: బాగా చివికిన ఎరువు, వేరు సులభంగా దిగే గుల్ల నేల. పాదు తీయడమంటే పెరటిలో ఒక చిన్న పెంట దిబ్బను భూమిలో నిర్మించడమే.

రోజంతా ఎండ తగిలే చోట రెండు మూరల వెడల్పు, ఒక మూర లోతు గల గుంట త్రవ్వి వారం రోజులు ఎండనివ్వాలి. తీసిన పైమట్టిలో రెండు గంపల చివికిన పశువుల ఎరువు, అరకిలో వేపపిండి, రెండు దోసిళ్ళ కట్టెల బూడిద కలిపి తిరిగి నింపాలి. పచ్చిపేడ వేయరాదు, దాని వేడికి లేతవేరు మాడిపోతుంది, చెదలు కూడా చేరుతాయి. కోలారు, హోసూరు ప్రాంతాల ఎర్రనేలలలో నీరు త్వరగా ఇంకిపోతుంది గనుక ఎరువు మరొక గంప ఎక్కువ వేయవచ్చు. బళ్ళారి, రాయచూరు వైపు నల్లరేగడిలో, యానాం వంటి డెల్టా నేలలలో నీరు నిలిచి మొదలు కుళ్ళే ప్రమాదం ఉంది. అక్కడ గుంట నింపిన తరువాత పాదును జానెడు ఎత్తు దిబ్బగా చేసి, దాని మీద విత్తాలి.

తీగ పాకడానికి స్థలం ఎంత కావాలన్న విషయంలో కొత్తవారు ఎప్పుడూ తక్కువగా అంచనా వేస్తారు. ఒక్క తీగకు నాలుగు బారల పొడవు, రెండు బారల వెడల్పు అవసరం. అంత చోటు లేని ఇళ్ళలో పూరికప్పు మీదికో, గట్టి పందిరి మీదికో ఎక్కించే ఆచారం ఉన్నది. అది మంచిదే. అయితే నేల మీది తీగకు ఉండే ఒక అదనపు లాభం కప్పు మీది తీగకు లేదు. దానిని తరువాత చెప్పవలసి ఉంది.

విత్తనం వేసే కాలం రెండు. తొలకరికి మృగశిర, ఆరుద్ర కార్తెలలో వేసిన పాదు వర్షాధారంగా పెరిగి శీతకాలపు ఆరంభానికి కాయను ఇస్తుంది. నీటి వసతి ఉన్నవారు డిసెంబరు, జనవరి నెలలలో వేసి ఎండలు ముదిరే నాటికి కాయ కోసుకోవచ్చు. తొలిసారి పెంచేవారికి ఈ రెండవ కాలమే సులభం. పండుఈగ బెడద, ఆకు తెగుళ్ళు వానాకాలంలో కన్నా అప్పుడు తక్కువ. ఆశ్వయుజ, కార్తీకాలలో ఎక్కువ వర్షం పడే తమిళనాడు సరిహద్దు గ్రామాలలో, తొలకరి పాదుకు పక్వానికి వచ్చే కాయ క్రిందనే నీరు నిలుస్తుందని గుర్తుంచుకోవాలి.

మొలక నుండి తీగ వరకు

గింజలను ఒక రాత్రి నీటిలో నానబెట్టి, పాదుకు నాలుగు చొప్పున అంగుళం లోతున వేస్తే వారం లోపల మొలుస్తాయి. మూడవ ఆకు వచ్చేసరికి వాటిలో బలమైనది ఒకటి ఉంచి తక్కినవాటిని గోటితో గిల్లివేయాలి. పెరికితే పక్క మొక్క వేరు కదులుతుంది. రెండు మొక్కలు ఉంచితే రెట్టింపు కాయలు వస్తాయనే ఆశ సహజమే. కానీ ఒకే పాదులోని రెండు తీగలు నీటికీ ఎరువుకూ పోటీపడి రెండూ సామాన్యమైన కాయలనే ఇస్తాయి.

మొలక ఈ దశలో ఉన్నప్పుడే నారింజ రంగు పెంకు పురుగు దానిని చూస్తుంది. రెండు రోజుల ఏమరుపాటు చాలు, విత్తనపుటాకులు జల్లెడ అవుతాయి. తెల్లవారుజామున చలికి ఈ పురుగులు మందకొడిగా ఉంటాయి. అప్పుడు చేతితో ఏరి సబ్బునీళ్ళలో వేయవచ్చు. మంచు ఆరకముందే ఆకుల మీద పలుచగా కచ్చిక బూడిద చల్లడం పెద్దల పద్ధతి, అది పనిచేస్తుంది. పాత వ్యవసాయ పుస్తకాలలో దీనికి కార్బరిల్ చల్లమని వ్రాసి ఉంటుంది. ఆ మందును కేంద్ర ప్రభుత్వం 2018లో నిషేధించింది. మూలన పడి ఉన్న పాత డబ్బా ఏదైనా ఉంటే దానిని పెరటి మొక్కల మీద వాడడం తగదు.

నెల రోజులకు తీగ సాగడం మొదలవుతుంది. మొదటినుండి నేరుగా సాగేది తల్లితీగ. దానినుండి ఇరుప్రక్కలా వచ్చేవి పిల్లతీగలు. తల్లితీగ కొసను త్రుంచరాదు. పిల్లతీగలను ఎనిమిది, పది ఆకుల వరకు సాగనిచ్చి కొస గిల్లాలి. వాటి నుండి మళ్ళీ వచ్చే మనుమతీగలను పుట్టినప్పుడే తీసివేయాలి. ఇక ముందు చెప్పిన లాభం ఇదే: నేల మీద పాకే తీగ ప్రతి కణుపు దగ్గరా వేరు వేయగలదు. కణుపు మీద దోసెడు తడిమట్టి, కొద్దిగా ఎరువు వేసి అదిమితే పది రోజులలో అక్కడ వేరు దిగుతుంది. అలా పది కణుపులు నాటుకున్న తీగ ఒక్క మొదలుతో కాక పదకొండు మొదళ్ళతో ఆహారం తీసుకుంటుంది. గాలికి తీగ పొర్లకుండా కూడా ఇది ఆపుతుంది.

నెలనాడు మొదలుకు మూరెడు దూరంలో చుట్టూ గాడి తీసి గుప్పెడు కన్నా తక్కువ, అనగా 20 గ్రాములు యూరియా వేసి మట్టి కప్పవచ్చు. యూరియా ఇష్టం లేనివారు పేడనీళ్ళు పలుచగా కలిపి వారానికొకసారి పోస్తే సరిపోతుంది. ఆకులు పచ్చగా నిగనిగలాడుతున్నాయని మురిసి మళ్ళీ మళ్ళీ యూరియా వేసేవారున్నారు. అటువంటి పాదు ఏనుగులా పెరుగుతుంది, మగపూలు విరగబూస్తాయి, కాయ మాత్రం నిలవదు.

పువ్వు, పిందె

గుమ్మడి పెంపకంలో కొత్తవారి ధైర్యం సడలేది ఇక్కడనే. నాటిన నలభై రోజులకు పసుపుపచ్చని పూలు తెరుచుకుంటాయి, మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి, మరునాటికి రాలిపోతాయి. వారం గడిచినా పిందె కనబడదు. ఏదో తెగులు పట్టిందని మందు చల్లుతారు. ఆ మందుకు చచ్చేవి తేనెటీగలు. నిజానికి ఆ పాదుకు ఏ తెగులూ లేదు. తీగ ముందుగా పూసేవన్నీ మగపూలే. వాటిని పల్లెలలో గొడ్డుపూలని తేలికగా అంటారు గాని, అవి లేనిదే కాయ లేదు.

రెండు పూలకు తేడా చిన్నపిల్లలు సైతం గుర్తించగలరు. మగపువ్వు పొడవైన సన్నని కాడ మీద నిలబడి ఉంటుంది. ఆడపువ్వు కాడ పొట్టిది, పువ్వు క్రింద గోలీకాయంత పిందె ముందుగానే ఉంటుంది. మగపువ్వు లోపల ఒకే కడ్డీ, దాని మీద పసుపుపొడి. ఆడపువ్వు లోపల జిగురుగా మెరిసే కీలాగ్రం, దానికి తమ్మెలు ఉంటాయి. ఆడపూలు మగపూల తరువాత వారం పది రోజులకు మొదలవుతాయి. సంఖ్యలో కూడా అవి ఎంతో తక్కువ.

ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీద గుమ్మడిపువ్వు పెట్టడం తెలుగు ముంగిళ్ళ ఆచారం. అదే మాసాన్ని మార్గళి అనే తమిళుల ముగ్గులలోనూ పేడముద్ద మీద ఇదే పువ్వు కనబడుతుంది. ఒరిస్సా వైపు ఈ పూలను బియ్యపు పిండిలో ముంచి వేయించుకు తింటారు. ఏ అవసరానికైనా మగపూలనే కోయమని పిల్లలకు చెప్పాలి, అప్పుడు కూడా పాదుకు నాలుగైదు మిగల్చాలి. ముగ్గులోకని తొందరలో ఆడపువ్వు కోస్తే ఆ ఏటి కాయ ముగ్గులోనే ముగుస్తుంది.

గుమ్మడి పిందెను వేలితో చూపరాదని, చూపితే కుళ్ళిపోతుందని ఇంటింటా చెబుతారు. పిందె పసుపురంగుకు తిరిగి, మెత్తబడి రాలడం నిజమే. కారణం వేలు కాదు, పుప్పొడి అందకపోవడం. పువ్వు తెల్లవారకముందు విచ్చుకుని, పూర్తిగా ఎండ ఎక్కేసరికి ముడుచుకుంటుంది. ఆ మూడు నాలుగు గంటలలో తేనెటీగలు పలుమార్లు వచ్చిపోవాలి. తెల్లవారుజామున వాన పడితే, లేదా చుట్టుప్రక్కల పొలాలలో మందు చల్లితే అవి రావు. నాలుగు రోజులకే పిందె రాలిపోతుంది.

ఈ పనిని మనుషులు చేతితో చేయవచ్చు. ఇది పెద్ద కాయ పెంచేవారు తప్పక నేర్చుకోవలసిన విద్య. మరునాడు విచ్చుకోబోయే మొగ్గ ముందురోజు సాయంత్రానికే కొస పసుపు తిరిగి తెలిసిపోతుంది. ఆడమొగ్గ కొసను, రెండు మూడు మగమొగ్గల కొసలను మెత్తని నూలుదారంతో వదులుగా కట్టివేయాలి. ఉదయం ఆరు, ఏడు గంటల మధ్య మగపూలను కాడతో కోసి, రేకులు ఒలిచివేసి, లోపలి కడ్డీని ఆడపువ్వులోని కీలాగ్రం మీద అన్ని తమ్మెలకు అంటేలా సున్నితంగా రుద్దాలి. ఒక్క ఆడపువ్వుకు రెండు మూడు మగపూలు వాడడం మంచిది. పుప్పొడి ఒక ప్రక్కనే అంటితే ఆ ప్రక్కనే ఊరి కాయ వంకరగా తయారవుతుంది. తరువాత ఆడపువ్వు రేకులను మళ్ళీ దారంతో మూసి, కాడకు ఒక రంగుదారం గుర్తుగా కట్టి, తేదీని నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి. ఆ గుర్తు కోతనాడు, విత్తనం తీసేనాడు పనికివస్తుంది.

ఏ కాయను ఉంచాలి?

మొదలుకు దగ్గరగా, ఎనిమిదవ ఆకు లోపల వచ్చిన తొలి ఆడపువ్వును నిలపరాదు. అప్పటికి తీగకు తగినన్ని ఆకులు ఉండవు. ఆ కాయ చిన్నగానే ముదిరి, తీగ పెరుగుదలను కూడా ఆపుతుంది. తల్లితీగ మీద పన్నెండవ ఆకు దాటిన తరువాత, మొదలుకు బారన్నర దూరంలో వచ్చే పిందె శ్రేష్ఠం. అలాంటివి రెండు మూడింటిని నిలవనిచ్చి, పది రోజుల తరువాత వాటిలో సమంగా, తొడిమ లావుగా ఉన్న ఒక్కదానిని ఉంచి తక్కినవి కోయాలి.

ఇది చెప్పినంత సులభం కాదు. నిక్షేపంలాంటి పిందెలను తెంచడానికి ఏ ఇల్లాలికీ చేయి రాదు. ఇంటి పెద్దలు దానిని పాపమంటారు. కానీ తీగకు ఉన్న ఆకులు వంద అయితే ఆ వంద ఆకులు వండిన ఆహారం ఐదు కాయలకు పంచితే ఒక్కొక్కటి మూడు కిలోలు, ఒక్కదానికే పెడితే పది కిలోలు దాటవచ్చు. లెక్కకు మొత్తం బరువు కొంత తగ్గినా పెద్ద కాయ కావాలంటే మార్గం ఇదొక్కటే. తెంచిన లేతపిందెలు వృథా కావు, కూరకు బాగుంటాయి. ఇల్లు గడవడానికి కాయలే ముఖ్యమైన కుటుంబం రెండు పాదులు వేసి, ఒకదానిని స్వేచ్ఛగా కాయనిచ్చి, రెండవదానిని ఒక్క కాయకు కేటాయించుకోవడం తెలివైన పని. ఆకుకూరకని గుమ్మడి చిగుళ్ళు కోసే అలవాటు ఉన్న ఇళ్ళలో కూడా ఆ మొదటి పాదు నుండే కోసుకోవాలి.

నిలిపిన పిందె నిమ్మకాయ దాటగానే దాని స్థానం సరిచేయాలి. తొడిమ తీగకు దగ్గరగా ఒదిగి ఉంటే కాయ ఊరే కొద్దీ తీగను నొక్కి విరుస్తుంది. రోజుకు కొద్దికొద్దిగా తిప్పుతూ తొడిమ తీగకు అడ్డంగా ఉండేలా చేయాలి. ఒక్కరోజులో తిప్పబోతే విరుగుతుంది. కాయ ఉన్న చోట మాత్రం కణుపులకు మట్టి కప్పరాదు, తీగ కాయతోపాటు లేవడానికి వీలుండాలి. క్రింద పొడి ఇసుక, దాని మీద గడ్డి లేదా ఒక చెక్క వేస్తే అడుగు కుళ్ళదు. కప్పు మీద, పందిరి మీద ఉన్న కాయను తాటినారతోగాని కొబ్బరి త్రాటితోగాని ఉట్టిలా అల్లిన చిక్కంలో కూర్చోబెట్టాలి, తొడిమ మీద బరువు పడరాదు.

పిందె నిలిచిన తరువాత తొలి ఐదారు వారాలలోనే కాయ బరువులో అధికభాగం చేరుతుంది. ఆ రోజులలో ప్రతి ఆదివారం ఒక నూలుదారంతో కాయ నడుము చుట్టుకొలత తీసి వ్రాసుకునే పని పిల్లలకు అప్పగిస్తే వారికి ఉత్సాహం, పెద్దలకు ఉపయోగం. కొలత హఠాత్తుగా ఆగితే నీరో, ఎరువో, వేరో ఎక్కడో లోపం ఉన్నట్టు. నీటి విషయంలో క్రమం తప్పరాదు. రెండు రోజులకొకసారి మొదట్లో, నాటుకున్న కణుపుల దగ్గర కలిపి రెండు మూడు బిందెలు పోయాలి. వారం ఎండగట్టి ఒక్కసారి ముంచితే తోలు పగులుతుంది. పగిలిన కాయ నిలవ ఉండదు. ఆకులు మధ్యాహ్నం వ్రేలాడినా సాయంత్రానికి లేస్తే భయం లేదు. ఉదయం కూడా వ్రేలాడితే నీరు చాలలేదనో, వేరు కుళ్ళిందనో అర్థం. మండుటెండలో కాయ తోలు మాడకుండా పాత గోనెపట్టా నీడగా కట్టాలి.

ఈగ, బూడిద తెగులు

కాయకు ప్రధాన శత్రువు పండుఈగ. లేతకాయ తోలు గుచ్చి గ్రుడ్లు పెడుతుంది, లోపల పురుగులు పుట్టి కుళ్ళబెడతాయి. లోపలికి చేరిన పురుగును ఏ మందూ చంపలేదు గనుక అడ్డుకోవడమే ఉపాయం. పిందెకు పుప్పొడి అంటించిన మూడవ రోజు నుండి, కాయ కొబ్బరికాయంత అయ్యేవరకు పలుచని పాతగుడ్డ సంచి వదులుగా తొడగాలి. రాలిన, కుళ్ళిన పిందెలను దిబ్బ మీద పారవేయడం చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. వాటినుండే రేపటి ఈగలు వస్తాయి. రెండు మూరల లోతున పూడ్చాలి.

ఆకుల మీద తెల్లని పొడి కనబడితే అది బూడిద తెగులు. అయితే కొన్ని రకాల ఆకులకు నరాల ప్రక్కన తెల్లని మచ్చలు పుట్టుకతోనే ఉంటాయి. వ్రేలితో తుడిచినప్పుడు అంటనిది తెగులు కాదు. తెగులు సోకిన ముదురు ఆకులను తీసి కాల్చివేయాలి. గంధకపు పొడి గుమ్మడి జాతి ఆకులను మాడ్చుతుంది గనుక చల్లరాదు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లవచ్చు. ఉదయం తేనెటీగల వేళ ఏదీ చల్లరాదు. ఆకులు ముడతలుపడి పసుపు, పచ్చ మచ్చలతో గిడసబారితే అది వైరస్. దానికి మందు లేదు, ఆ తీగను పెరికి కాల్చడమే.

కోత, నిలవ

తొడిమ ఎండి బెరడుకట్టినప్పుడు, గోరు గుచ్చితే తోలు దిగనప్పుడు, నేలను ఆనిన భాగం తెలుపు పోయి పసుపు తిరిగినప్పుడు కాయ ముదిరినట్టు. పుప్పొడి అంటించిన తేదీనుండి రెండు నెలలైనా గడిచి ఉండాలి. బెత్తెడు తొడిమ ఉంచి కత్తితో కోయాలి. తొడిమ పట్టుకుని ఎత్తరాదు, అది ఊడిన చోటనే కుళ్ళు మొదలవుతుంది. పది రోజులు గాలి ఆడే నీడలో ఉంచి, తరువాత అటక మీద గడ్డి పరచి ఒకదానికొకటి తగలకుండా పెడితే మూడు నాలుగు నెలలు నిలుస్తుంది.

కోసిన తరువాత మాత్రం పది కిలోల కాయ ఒక ఇంటికి ఎక్కువ. పెద్ద గుమ్మడి కోసిన నాడు నాలుగిళ్ళకు ముక్కలు పంచే మర్యాద అందుకే ఏర్పడి ఉంటుంది. ఇంటిలోని మగవారు మొదటి గాటు పెట్టిన తరువాతే ఆడవారు తరగాలనే నియమం ఇప్పటికీ కొన్ని కుటుంబాలలో ఉంది. పన్నెండు కిలోల కాయ తోలు మీద కత్తి దించడం ఎంత కష్టమో తెలిసినవారికి ఆ నియమంలో కొంత సౌలభ్యం కూడా కనబడుతుంది. పంచిన ముక్క కన్నడిగుల ఇంట పల్యగా, ఒరియావారి ఇంట దాల్మాలో, మరాఠీవారి ఇంట బెల్లంతో కలిసి తీపి ఘార్గేలుగా మారుతుంది.

వండేముందు పచ్చి ముక్కను నాలుకకు తాకించి చూడడం అలవాటు చేసుకోవాలి. చేదుగా ఉంటే ఉమ్మివేసి, కాయ మొత్తం పారవేయాలి. ఆ చేదు కుకర్బిటాసిన్ అనే విషపదార్థానిది. ఉడికించినా, బెల్లం వేసినా అది పోదు. చేదు సొరకాయ రసం త్రాగి మన దేశంలో ప్రాణాలు కోల్పోయినవారున్నారు. ఎంత పెద్ద కాయ అయినా, ఎంత శ్రమపడి పెంచినదైనా, ఈ విషయంలో మమకారం పనికిరాదు. అటువంటి కాయ గింజలను కూడా దాచరాదు.

విత్తనం కట్టడం

తీపి గుమ్మడి ఒక రకం మరొక రకంతో తేలికగా సంకరమవుతుంది. ప్రక్కింటి చిన్న గుమ్మడి పుప్పొడిని తేనెటీగ తెచ్చి ఇంటి పెద్ద గుమ్మడికి అంటిస్తే ఈ ఏటి కాయ మారదు, వచ్చే ఏటి కాయ మారుతుంది. ముందు చెప్పినట్లు మొగ్గకు దారం కట్టి, అదే రకపు మగపువ్వుతో అంటించిన కాయ గింజలే నిలకడగా వస్తాయి. రంగుదారం గుర్తు అందుకే. అంగడిలో కొన్న సంకర విత్తనపు కాయనుండి గింజ కట్టితే తల్లిని పోలిన కాయలు రావు.

విత్తనపు కాయను కోసిన తరువాత మరొక ఇరవై రోజులు అలాగే ఉంచితే లోపల గింజ పూర్తిగా ముదురుతుంది. గింజలను పీచు పోయేలా కడిగి, నీటిలో తేలినవి తీసివేసి, మునిగినవాటిని నీడలో వారం ఆరబెట్టాలి. గింజ వంచితే పుటుక్కున విరగాలి. పొడి బూడిదలో కలిపి సీసాలో పోసి మూతపెట్టి, పేరు, సంవత్సరం, కాయ బరువు వ్రాసిన చీటీ లోపల వేస్తే మూడు నాలుగేళ్ళు మొలకెత్తే శక్తి ఉంటుంది.

రైతు తాను పండించిన విత్తనాన్ని దాచుకోవడానికి, తిరిగి విత్తడానికి, ఇతరులతో మార్చుకోవడానికి 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం హక్కు ఇస్తున్నది. సరిహద్దుకు అవతల ఉన్న అన్నదమ్ములకు, అత్తవారింటికి వెళ్ళిన ఆడపిల్లకు పది గింజలు పంపడానికి ఏ అభ్యంతరమూ లేదు. ఒకే ఇంటి రకం రెండు మూడు ఊళ్ళలో ఉంటే, ఒకచోట వానకో తెగులుకో పోయినా మరొకచోటి నుండి తెచ్చుకోవచ్చు. పంపేటప్పుడు చీటీ మీద తెలుగుతో పాటు అక్కడి భాషలో కూడా కాయ పేరు వ్రాయడం మంచిది.